బొగ్గురెక్క అంచులు

మా నాన్నకి వంకర అంచు పడదు. కొందరికి దుమ్ము పడదు, కొందరికి పిల్లి వెంట్రుకలు పడవు, ఈయనకి వంకర అంచు. యాభై ఏళ్ళు పుస్తకాలు బైండు చేసిన మనిషి మరి. కింద షాపు, పైన ఇల్లు కావడంతో ఆ జబ్బు మెట్లెక్కి ఇంట్లోకి కూడా వచ్చేసింది. గోడ మీది క్యాలెండరు అంచు కోశాడు. కరెంటు బిల్లులు కోశాడు. మా పెళ్ళి ఫోటోలో ఎడమవైపు వెడల్పు ఎక్కువుందని సమానం చేస్తే, మా ఆడపడుచు అందులో మోచేయి దాకానే మిగిలింది. ఆవిడ ఇప్పటికీ నాతో అంటీముట్టనట్టే ఉంటుంది.

అడిగి కోయడమన్నది ఆయనకి తెలియదు. కోశాక మాత్రం తెచ్చి చూపిస్తాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "ఎలా ఉందమ్మాయ్?" అంటాడు. అప్పుడు ఆ ముఖం మీరు చూడాలి, పరీక్ష పాసైన పిల్లల ముఖంలా వెలిగిపోతూ ఉంటుంది. దాని ఎదురుగా నిలబడి బాగాలేదని చెప్పడానికి గుండె కావాలి. నాకది లేదు. "బాగుంది నాన్నా" అనేసి నా కుట్టుపని నేను చూసుకునేదాన్ని.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఎండాకాలం మా మిడత విషయంలో జరిగినదానికి తప్పెవరిదని అడిగితే, సగం నాది.

మిడత అంటే నా కూతురు. అప్పటికి పదకొండేళ్ళు. ఒక చోట కుదురుగా నిలవదని వాళ్ళ తాత పెట్టిన ముద్దుపేరు అది. బడికి సెలవులిచ్చేశారు. మా ఆయన డ్యూటీ మీద వేరే ఊరు వెళ్ళాడు, రెండు నెలల దాకా రాడు. కాలేజీ పిల్లల థీసిస్‌లన్నీ సరిగ్గా ఆ రోజుల్లోనే బైండింగ్‌కి వచ్చి పడతాయి గనక నాకూ నాన్నకీ తల ఎత్తే తీరిక లేదు. నేను కాగితాలు కుట్టడం, ఆయన కోసి అట్ట వేయడం. మిడత అట్టల కట్టల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని తన కార్డులు పరుచుకునేది.

పేకముక్కలు కావవి. ఒక్కో కార్డు మీద ఒక్కో వింత జంతువు, కింద దాని బలమెంతో, అది ఏం చేయగలదో రాసి ఉంటుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని తమ జంతువుల్ని యుద్ధానికి పంపుకుంటారు. ప్యాకెట్లు అంటించి అమ్ముతారు, విప్పేదాకా లోపలేముందో దేవుడికి కూడా తెలియదు. వాళ్ళ నాన్న ఊరెళ్ళే ముందు కొనిచ్చిన ప్యాకెట్లో మిడతకి బొగ్గురెక్క దొరికింది. అప్పుడది వేసిన కేకకి మా నాన్న ఉలిక్కిపడి జిగురు డబ్బా తన్నేశాడు.

"బొగ్గురెక్క అమ్మా! బొగ్గురెక్క! మా క్లాసులో ఎవరికీ లేదు!"

నల్లటి రెక్కలు, రెక్కల చివర్లలో ఎర్రటి నిప్పు, ముక్కులోంచి పొగ. నిజంగానే బాగుంది. కానీ బొమ్మ మొత్తం ఒక పక్కకి జరిగిపోయింది. ఎడమవైపు అంచు దారమంత సన్నంగా ఉంది, కుడివైపు వెడల్పుగా ఉంది. ఆ వెడల్పు చివర గోరంత మేర ఇంకేదో కార్డు బొమ్మ కూడా వచ్చింది. ఏ జంతువుదో ఆకుపచ్చ తోక, కొస మెలి తిరిగి ఉంది.

"పక్కింటాయన తోక!" అంది మిడత, దాని మీద వేలు పెట్టి. "అన్నీ కలిపి ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి, తర్వాత కోస్తారంటమ్మా. అంటే వీళ్ళిద్దరూ పక్కపక్కనే ఉండేవాళ్ళన్నమాట. విడిపోయేటప్పుడు మన బొగ్గురెక్క ఆయన తోక పట్టుకుని వచ్చేసింది."

అంతే, ఆ తోక దానికి ప్రాణమైపోయింది. అది ఎవరి తోకో కనుక్కోవడానికి వీధిలో పిల్లలందరితో వారం రోజులు వాదించింది. అసలు బొగ్గురెక్క కంటే ఆ గోరంత తోకకే దర్శనానికి వచ్చేవాళ్ళు ఎక్కువ.

నాన్న కార్డు అందుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. "తొండ బాగానే ఉంది," అన్నాడు.

"తొండ కాదు తాతా, డ్రాగన్!"

"రెక్కలొచ్చిన తొండలే. అది సరే, ఈ కోత ఎవడిది? కాగితం సర్దుకోకుండానే కత్తి దించేశాడు వెధవ."

మిడత నవ్వుతూ కార్డు లాక్కుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. నాన్న మాత్రం నవ్వలేదు. ఎవరో తెలియని కోతవాడి మీద ఆయనకి సాయంత్రం దాకా కోపం పోలేదు.

సెలవుల ఆఖరి ఆదివారం లైబ్రరీ హాల్లో పిల్లలకి కార్డుల పోటీ అని కాగితం అంటించారు. ఒక్కొక్కరూ ముప్పై కార్డులు తెచ్చుకోవాలి. మిడత దగ్గర ముప్పై ఉన్నాయి గానీ, అందులో ఇరవై తొమ్మిది ఉత్త కప్పలూ పుట్టగొడుగులూ. అంత సైన్యానికీ ఒక్క బొగ్గురెక్కే దిక్కు. పరుగుపందెంలో ఆఖర్న వచ్చే పిల్ల, పాటల పోటీలో పేరు కూడా ఇవ్వని పిల్ల. అలాంటిది ఆ కాగితం చూసినప్పట్నుంచీ పళ్ళు తోముకుంటూ కూడా ఎత్తులు వేసేది.

దానికి ఇంకొక ఆశ ఉంది. "తాతా, నువ్వు రావాలి. బొగ్గురెక్కని దించినప్పుడు నువ్వు చూడాలి."

థీసిస్‌ల రోజుల్లో నాన్న ఆదివారం కూడా షాపు మూయడు. నా పెళ్ళినాడు కూడా పొద్దున ఒక రిజిస్టరు డెలివరీ ఇచ్చి వచ్చిన మనిషి. నేను సర్దిచెప్పబోతున్నాను, ఈలోగా ఆయనే, "నీ తొండ ఎగురుతుందంటే చూడకుండా ఎలా ఉంటానే," అన్నాడు. ఆ పిల్ల కాళ్ళు ఆ పూట నేలమీద నిలవలేదు.

పోటీకి వారం ఉందనగా, ఒక మధ్యాహ్నం, మిడత తన కార్డులు కింద అట్టల మీదే వదిలేసి వచ్చి భోంచేస్తున్నప్పుడు నాన్న మెట్లెక్కి వచ్చాడు. కళ్ళజోడు నుదుటి మీదుంది. అది చూడగానే నాకు తెలిసిపోవాల్సింది. కంచం పక్కన ఒక తెల్లకాగితం పరిచి, దాని మీద కార్డు పెట్టాడు.

"చూసుకో. నాలుగు వైపులా ఒక్కటే కొలత. మూలలు కూడా మళ్ళీ గుండ్రంగా తీశాను, ముందున్నట్టే. పోటీకెళ్ళే కార్డు అలా వంకరగా ఉంటే మన షాపు పరువేం కాను?"

బొగ్గురెక్క సరిగ్గా నట్టనడుమ ఉంది. చుట్టూ సన్నటి, తిన్నటి అంచు. నిజం చెప్పాలంటే అంత చిన్న ముక్కని చేతికత్తితో అలా కోయడం ఇంకొకరి వల్ల కాదు. తోక లేదు.

మిడత చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. అది కార్డు వంక చూసింది, తర్వాత తాత ముఖం వంక చూసింది.

"ఎలా ఉందే?"

"బాగుంది తాతా," అంది.

ఆయన దాని నెత్తి మీద చెయ్యి వేసి, ఈల వేసుకుంటూ కిందికి దిగిపోయాడు. మిడత మిగతా అన్నం మొత్తం తినేసింది. మెతుకు వదలకుండా తినడం అది నేర్చుకున్న రోజు అదేననుకుంటా.

సాయంత్రం టీ పెట్టి పిలిస్తే పలకలేదు. వెతికితే షాపు వెనక గదిలో దొరికింది. కోతముక్కలు వేసే గోనెసంచిని నేలమీద బోర్లించేసి, మోకాళ్ళ మీద కూర్చుని కాగితాల గుట్టలో వెతుకుతోంది. జుట్టు నిండా తెల్ల ముక్కలు. అరచేతిలో అప్పటికే దొరికిన సన్నటి పేలిక ఒకటి ఉంది, దాని మీద ఆకుపచ్చ తోక. దాన్ని కార్డు పక్కన పెట్టి కలుపుతోంది, కలవడంలేదు. మధ్యలో ఇంకొక పేలిక పోయింది.

నేను పక్కన కూర్చోగానే నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. నాన్న మీద నాకు ఒళ్ళు మండిపోయింది. లేవబోతే కొంగు పట్టుకుని ఆపేసింది.

"తాతకి చెప్పకమ్మా."

"చెప్పకపోతే ఎలాగే?"

"తాత ఎంత నవ్వాడో చూశావుగా. చెప్పనని ఒట్టెయ్యి."

వేశాను. వేయడానికి నాకు ఎంతోసేపు కూడా పట్టలేదు, ఆ విద్యలో ఆరితేరిన చెయ్యి కదా. పైగా ఇంకో తెలివి కూడా చూపించాను. "ప్లాస్టిక్ కవర్లో పెడతావు కదా, సైజు తగ్గిందని ఎవరికి తెలుస్తుందిలే. ఆడెయ్," అన్నాను. ఇద్దరం కలిసి ఆ కాగితాలన్నీ మళ్ళీ సంచిలోకి ఎత్తాం. రాత్రి భోజనాల దగ్గర నాన్న, "తొండకి రోజూ వ్యాయామం చేయిస్తున్నావా లేదా?" అని అడిగితే, పిల్లతో పాటు నేనూ నవ్వాను.

ఆదివారం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఇద్దరికంటే ముందే వీధిలో నిలబడ్డాడు. షాపు తలుపుకి 'ఈ రోజు సెలవు' అని అట్టముక్క తగిలించాడు. ఆ అట్టముక్క నాలుగంచులూ తిన్నగా కోసి ఉన్నాయని వేరే చెప్పక్కర్లేదు.

హాలు నిండా పిల్లలు. పొడుగు బల్లలు, ఒక్కో బల్ల వెనకా పెద్దవాళ్ళకి కుర్చీలు. నాన్న మొదటి వరసలో కూర్చుని, పక్కనున్నాయనకి, "మా మనవరాలు. దాని దగ్గర బొగ్గురెక్క ఉంది," అని చెబుతున్నాడు. తొండ అనలేదు. బయటివాళ్ళ ముందు ఆ గౌరవం ఇచ్చాడు.

ఆట మొదలయ్యే ముందు పసుపు టీషర్టు వేసుకున్న అంపైరమ్మాయి ఒక్కొక్కరి కార్డులూ చూసుకుంటూ వస్తోంది. ఊరికే లెక్కపెట్టుకుని పోతుందనుకున్నాను. కాదు, ఒక్కో కార్డునీ కవర్లోంచి తీసి చూస్తోంది. మిడత దగ్గరికి వచ్చింది. కప్పలు అయిపోయాయి, పుట్టగొడుగులు అయిపోయాయి. బొగ్గురెక్కని తీసి ఇంకో కార్డు మీద పెట్టి చూసింది. చుట్టూ కింది కార్డు కనిపించింది.

"దీన్ని ఎవరు కోశారు పాపా?"

మిడత వెనక్కి తిరగలేదు. "నేనే అక్కా."

"కోసిన కార్డు ఆడనివ్వరమ్మా. సైజు తేడా ఉంటే కట్టలో చేత్తో తడిమి గుర్తుపట్టేయొచ్చు కదా. దీన్ని పక్కన పెట్టేసి మిగతావాటితో ఆడుకో."

"సరే అక్కా."

నేను తల వంచుకుని చేతిసంచి సర్దుకున్నాను. కుర్చీ జరిగిన చప్పుడైంది. నాన్న లేచి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, ఒకసారి అది ఇటివ్వండి." కార్డు తీసుకుని, అంచు వెంట బొటనవేలు నడిపాడు. "ఈ పిల్ల కత్తెర పడితే కాగితం ఏడుస్తుంది. ఇది నా కోత. బైండింగ్ పని నాది. దానికి తెలీదు, ఏదో అంటోంది."

ఆ మాట అనేటప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా ఉంది, దాచుకోవడం ఆయనకి చేతకాదు. "కోత తప్పి వంకరగా ఉంటే సరి చేశాను. ఒక పక్క వెడల్పు ఎక్కువుంది, పక్కదాని బొమ్మ కూడా కాస్త పడింది. అందులో తప్పేముందమ్మా?"

"పక్క కార్డు బొమ్మ కూడా వచ్చిందా?" అంపైరమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. "అయ్యో తాతగారూ! అలాంటిది వేలల్లో ఒకటి కూడా రాదండి. దొరికితే నెత్తిన పెట్టుకుంటారు."

"వంకరగా ఉన్నదాన్నా?"

"వంకరగా ఉందనేనండీ."

నాన్న కళ్ళజోడు దించుకున్నాడు. కార్డు వంక చూశాడు. తర్వాత మిడత వంక చూశాడు. అది బల్ల మీద కప్పల్ని వరసగా పేర్చుకుంటోంది, పేర్చినవే మళ్ళీ పేరుస్తోంది.

"నాతో బాగుందందే," అన్నాడు నాకు మాత్రమే వినపడేట్టు. కార్డు అంపైరమ్మాయికి ఇచ్చేసి వచ్చి కూర్చున్నాడు.

మిడత మూడు ఆటలు ఆడింది. రెండు ఓడిపోయింది. ఒకటి మాత్రం ఒక బురదకప్పతో గెలిచింది. ఎలా గెలిచిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఎదుటి పిల్లాడు కూడా కాసేపు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. నాన్న చప్పట్లు కొట్టాడు, కానీ ఒక క్షణం ఆలస్యంగా, మేం కొడితే చూసి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు చివరి సీట్లో ముగ్గురం కూర్చున్నాం, పిల్ల మధ్యలో. రెండు స్టాపులు దాటాయి.

"ఎందుకే బాగుందన్నావు?" అన్నాడు నాన్న.

మిడత కిటికీలోంచి చూస్తూ, "నువ్వు నవ్వుతున్నావు కదా తాతా," అంది.

"అందుకని నీ వస్తువు నాశనమైనా చెప్పవా?"

"చెబితే నువ్వు ఏడుస్తావేమోనని."

"ఏడిస్తే ఏడుస్తాను. ముసలాడు కాసేపు ఏడిస్తే కొంపలేం మునగవు." "నువ్వు చెప్పకపోతే నాకెలా తెలుస్తుందే? బాగుంది బాగుందంటూ ఉంటే నేనింకా కోస్తూనే ఉంటాను కదా."

ఆ మాట అన్నది మనవరాలితోనే. నేనేమో కిటికీ లేని పక్కన కూర్చున్నాను, ఎటు చూడాలో తెలియలేదు.

మిడత జేబులోంచి కాగితం మడత తీసి విప్పింది. అందులో తోక ఉంది. నాన్న దాన్ని చూపుడు వేలితో తాకి, తీసుకోబోయి, ఆగాడు. "అతికించనా?" అన్నాడు. నా వయసంతటిలో, ఒక కాగితం మీద చెయ్యి వేసే ముందు ఆయన ఇంకొకరిని అడగడం అదే నేను మొదటిసారి వినడం.

మిడత ఆలోచించింది. "వద్దు తాతా."

"సరే."

అంతే. ఇల్లు వచ్చేదాకా తాత భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.

మర్నాటి నుంచి మా షాపు నడక మారింది. థీసిస్ తెచ్చిన ప్రతి ఒక్కరినీ నాన్న, "అంచులు కొయ్యమంటారా, ఉంచెయ్యమంటారా?" అని అడగడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ అడగనివాడు అడిగేసరికి వాళ్ళకి ఏం చెప్పాలో తోచేది కాదు. ఒకావిడైతే, "మీ ఇష్టమండీ," అంది. "నా ఇష్టంతోనే వచ్చిందమ్మా ఇదంతా, మీది చెప్పండి," అన్నాడు.

బడి తెరిచే ముందు రోజు, మిడత కార్డులు పెట్టుకోవడానికి అట్టతో ఒక డబ్బా చేశాడు. నీలం బైండు గుడ్డ వేశాడు. పిల్ల అట్టల మీద కూర్చుని ఉంటే తెచ్చి ఒళ్ళో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎలా ఉంది? నిజం చెప్పాలి."

అది మూత తీసింది, పెట్టింది. నా వంక చూసింది. నేను గబగబా దారం ఎక్కించుకోవడంలో మునిగిపోయాను.

"మూత బిగుతుగా ఉంది తాతా. తీస్తుంటే కార్డులు ఒంగిపోతున్నాయి."

"అబ్బో!" అన్నాడు. డబ్బా పట్టుకుపోయాడు. గంటలో మళ్ళీ తెచ్చాడు.

"ఇప్పుడు లూజు."

మళ్ళీ పట్టుకుపోయాడు. వెనక గదిలోంచి, "దీని నోరు చూడు, దీని నోరు చూడు," అని గొణుగుతున్నాడు. ఆ గొణుగుడులో ఉన్న సంతోషం, యాభై ఏళ్ళ మెప్పుల్లో నేను ఎప్పుడూ వినలేదు. మూడోసారి తెచ్చినప్పుడు మిడత మూత తీసి, పెట్టి, తలకిందులు చేసి ఊపి, "ఇప్పుడు బాగుంది," అంది. ఆయన మనవరాలి ముఖంలోకి పరీక్షగా చూశాడు. నిజమేనని నమ్మకం కుదిరాక కుర్చీలో కూలబడి చెమట తుడుచుకున్నాడు.

తర్వాత నా వైపు తిరిగాడు.

"నీ సంగతేంటమ్మాయ్? నీవి కూడా ఏమైనా కోసేశానా నేను?"

"అబ్బే, ఏం లే..." సగం మాట అలవాటుగా వచ్చేసింది. మిడత డబ్బా ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది. కాగితాల్లోంచి సూది తీసి పక్కన పెట్టాను.

"ఉన్నాయి నాన్నా. కొంచెం ఎక్కువే ఉన్నాయి."

ఆయన లేచి వెళ్ళి షాపు తలుపు దగ్గరగా వేశాడు. స్టూలు లాక్కొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని, నా చెయ్యి పట్టుకున్నాడు.

"చెప్పు," అన్నాడు. "కానీ ఒక్కొక్కటిగా చెప్పు తల్లీ. అన్నీ ఒకేసారి మొయ్యలేను."